లాడ్ కుచెరా అరువు నిద్ర

లాడ్ కుచెరా మెడ చుట్టుకొలత పద్దెనిమిదిన్నర అంగుళాలు. ఆ సంగతి అరవై ఒకటో ఏడు వచ్చేదాకా ఆయనకే తెలియదు. చొక్కా పై గుండీ పెట్టుకోవలసిన అవసరం ఆయనకు జీవితంలో రెండుసార్లు వచ్చింది. ఒకటి పెళ్ళినాడు, రెండోది తండ్రిని సాగనంపిన నాడు. రెండుసార్లూ ప్రార్థన సగంలో ఉండగానే గుండీ తెగి ముందు వరుసలోకి ఎగిరింది. ఆ తర్వాత ఆ మెడ జోలికి ఎవరూ పోలేదు. ముప్ఫై నాలుగేళ్ళుగా పశువుల లారీ తోలే మనిషికి కళ్ళు కావాలి, చేతులు కావాలి, గేటు దాటే దూడలను లెక్క తప్పకుండా చూసే బుర్ర కావాలి. మెడతో ఏం పని అనుకున్నాడు.

మా నెబ్రాస్కా ఇసుక దిబ్బల్లో మనుషుల కన్నా ఆవులు ఎక్కువ. వసంతంలో పుట్టిన దూడలన్నీ అక్టోబరు, నవంబరు నెలల్లోనే సంతకెక్కుతాయి. ఆ రెండు నెలలూ లాడ్ లారీకి ఊపిరాడదు. పెద్ద లారీ లైసెన్సు ఉంటే చాలదు, దానికి తోడు ఒంట్లో బాగుందని రాసిచ్చే మెడికల్ కార్డు కూడా ఉండాలి. కార్డు గడువు దాటితే లైసెన్సు ఉన్నా లేనట్టే. ఇన్నాళ్ళూ రెండేళ్ళకోసారి లాడ్ పక్క ఊళ్ళో ఉన్న ఒక వెన్నుపూసల వైద్యుడి దగ్గరికి వెళ్ళి కార్డు తెచ్చుకునేవాడు. ఆయన లాడ్ నడుము ఒకసారి పటుక్కుమనిపించి, "దూడల ధర ఎలా ఉందోయ్?" అని అడిగి, జవాబు వినకుండానే సంతకం పెట్టేవాడు. ఆ వేసవిలో ఆయన కాస్తా పని మానేసి చేపలు పట్టుకోవడానికి సరస్సుల వైపు వెళ్ళిపోయాడు. అలా ఆగస్టు నెలలో లాడ్ రోవీనా చేతిలో పడ్డాడు.

రోవీనా డాక్టరు కాదు, డాక్టరంత చదివిన నర్సు. డ్రైవర్లకు కార్డులిచ్చే పరీక్ష కూడా ప్యాసయింది. లాడ్ మాత్రం ఎందుకైనా మంచిదని "డాక్టరమ్మా" అనే పిలిచాడు. ఆమె రక్తపోటు చూసింది, ఫరవాలేదంది. సీసాలో మూత్రం పట్టించి చక్కెర చూసింది, లేదంది. ఐదడుగుల దూరంలో నిలబడి ఏదో గుసగుసలాడి, తిరిగి చెప్పమంది. లాడ్ పొల్లు పోకుండా చెప్పి, నాకా పరీక్ష అన్నట్టు ఛాతీ విరిచాడు. అప్పుడామె సొరుగులోంచి టేపు తీసి మెడకు చుట్టింది.

"లాడ్ గారూ, మీరు గురక పెడతారా?"

"నేనెలా చెప్తానమ్మా? ఆ టైముకి నేను నిద్దర్లో ఉంటాను కదా."

"పోనీ, మీ ఆవిడేమంటారు?"

"ఆర్డిత్ మేడ మీద పడుకుంటుంది. దానికేం వినపడదు."

"ఎన్నాళ్ళ నుంచి మేడ మీద?"

"ఎన్నాళ్ళో కాదు... తొమ్మిదేళ్ళు."

మెడ ఇంత లావైతే నిద్రలో ఊపిరి దారి మూసుకుపోవచ్చని చెప్పి రోవీనా రాసుకుంది. రెండేళ్ళకు రావలసిన కార్డు మూడు నెలలకే వచ్చింది. ఈలోగా నిద్ర పరీక్ష చేయించుకోవాలి, అవసరమైతే నిద్రలో ముక్కులోకి గాలి ఊదే యంత్రం పెట్టుకోవాలి, ఆ లెక్క తెచ్చి చూపించాలి అంది.

నిద్ర పరీక్ష ఇంట్లోనే అయింది. వేలికి ఒక తొడుగు, ఛాతీకి ఒక పటకా కట్టుకుని పడుకుంటే మర్నాడు రోవీనా ఫోను చేసి చెప్పింది, లాడ్‌కు నిద్రలో గంటకు నలభై ఒక్కసార్లు ఊపిరి ఆగుతోందని. లాడ్ వెంటనే బేరానికి దిగాడు.

"ఆగితే ఆగింది గానీ డాక్టరమ్మా, ప్రతిసారీ మళ్ళీ మొదలైంది కదా? నలభై ఒకటికి నలభై ఒకటీ!"

"అలా మొదలెట్టడానికి మీ ఒళ్ళు రాత్రంతా మిమ్మల్ని లేపుతూ ఉందండీ. మీరు పడుకున్నారు గానీ నిద్రపోలేదు. యంత్రం పంపిస్తున్నాను. పది రాత్రులకు ఏడు రాత్రులైనా, రాత్రికి నాలుగు గంటలైనా అది మీ ముఖాన ఉండాలి. లెక్క అదే రాసుకుంటుంది. నాకు మీ మాట అక్కర్లేదు, దాని మాట చాలు."

సెప్టెంబరు మొదట్లో యంత్రం వచ్చింది. రొట్టెల డబ్బా అంత పెట్టె, దానికి ఒక గొట్టం, గొట్టం చివర ముక్కుకు తగిలించే రబ్బరు తొడుగు, తలకు పట్టీలు. దాన్ని చూడగానే లాడ్ "ఇది పాలు పితికే మిషను, ఆవును మార్చారంతే" అన్నాడు. పెట్టుకుని పడుకుంటే, డెబ్భై మైళ్ళ వేగంతో పోయే లారీ కిటికీలోంచి తల బయట పెట్టినట్టే ఉంది. రెండో రాత్రి పట్టీ చెవి మీదుగా జారి, గాలి నేరుగా కంట్లోకి కొట్టింది. మూడో రాత్రి కుక్క బోస్కో మంచం పక్క నిలబడి యజమానిని గుర్తుపట్టక ఒకటే మొరుగుడు. లాడ్ తొడుగు పీకి గోడకేసి కొట్టబోయి, ప్రభుత్వానికి భయపడి కుర్చీ మీద పెట్టాడు.

పొద్దున్నే చూస్తే పెట్టె మీద చిన్న అంకెలు వెలుగుతున్నాయి. రెండు గంటల ఐదు నిమిషాలు. లాడ్ కాఫీ కప్పు పట్టుకుని ఆ అంకెల కేసి చాలాసేపు చూశాడు. ఆ యంత్రానికి కావలసింది ఒక ముక్కు. అది ఎవరి ముక్కన్న పట్టింపు దానికున్నట్టు లేదు.

ముందు బోస్కో ముక్కుకు పెట్టి చూశాడు. నాకు అబద్ధం ఎందుకు, నిజంగానే చూశాడు. పెట్టె "గాలి పోతోంది" అని ఎర్ర దీపం వెలిగించి గోల పెట్టింది. బోస్కో రెండు రోజులు లారీ కింద పడుకుని, లాడ్ పిలిస్తే ముఖం తిప్పుకుంది.

ఆ తర్వాత మిగిలింది మైలో ముక్కు.

మైలో ఆర్డిత్ తమ్ముడు. వయసు యాభై ఎనిమిది, పెళ్ళి లేదు. లాడ్ పెరట్లో అవతలి వైపు చిన్న చక్రాల ఇంట్లో ఉంటాడు. ఒకప్పుడు బడిలో ఊడ్చి, తుడిచి, బాయిలరు చూసుకునే పని చేసేవాడు. అదే బడి వంటింట్లో ఆర్డిత్ ఇప్పటికీ వండుతుంది. గురువారాల్లో ఆమె పెట్టే చిల్లీ అనే ఎర్రటి మాంసం కూర, దాల్చినచెక్క రొట్టెల కోసం టీచర్లు కూడా పిల్లల వరుసలో నిలబడతారు. మైలోకు మాత్రం ఆ పని పోయి పదకొండేళ్ళయింది. అప్పటి నుంచీ ఆయనకు ఊళ్ళో ఉన్న పేరంతా నిద్ర మీదే. గుళ్ళో నిద్ర, మంగళవారం పేకాటలో నిద్ర. చేతిలో ముక్కలు అలాగే పట్టుకుని కునికితే, పక్కవాళ్ళు వంగి చూసుకుని మరీ ఆడేవారు. ఒక థాంక్స్‌గివింగ్ విందు నాడైతే గ్రేవీ గిన్నెలోకే ముఖం పెట్టి పడుకున్నాడు. ఆ కథ లాడ్ ప్రతి ఏడూ చెప్తాడు. చెప్పినప్పుడల్లా గ్రేవీ కొంచెం పెరుగుతుంది.

"ఒరే మైలో, నీకో ఉద్యోగం చూశాను. పడుకోవడమే పని," అన్నాడు లాడ్, గొట్టం బల్ల మీద పెడుతూ.

మైలో గొట్టం ఎత్తి చూశాడు, దించాడు. "నువ్వు పెట్టుకోవాల్సింది నేను పెట్టుకుంటే నీ గురక తగ్గుద్దా బావా?"

"గురక సంగతి ఎవడికి కావాలి? కార్డు కావాలి. సంతలు మొదలైపోతున్నాయి. కార్డు లేకపోతే ఈ రెండు నెలలూ నేను ఇంట్లో కూచుని మీ అక్క మొహం చూడాలి."

"ఆ మాట అక్కతో అననా?"

"చంపుతుంది. అనకు."

మైలో ఆవులించాడు. ఆవులింత మధ్యలోనే బేరం పెట్టాడు. "అయితే ఈ ఏడు గ్రేవీ కథ చెప్పకూడదు."

లాడ్‌కు ప్రాణం పోయినంత పనైంది. కానీ కార్డు ముందు గ్రేవీ ఎంత? సరేనన్నాడు.

ఆర్డిత్‌ను నమ్మించడం పెద్ద కష్టం కాలేదు. "యంత్రం వచ్చాక కూడా నీ గురకకు మేడ మెట్లు వణుకుతున్నాయేంటి లాడ్?" అని ఆమె అడిగితే, "కొత్త ఇంజను ఆర్డిత్, సర్దుకోడానికి టైం పడుతుంది" అన్నాడు. ఆమె ఒక చూపు చూసి, ఫ్యాను పెట్టుకుని మేడ మీద తలుపు వేసుకుంది. ఆ ఫ్యాను చలికాలంలో కూడా తిరుగుతుంది, గాలి కోసం కాదు, చప్పుడు కోసం.

పది రోజులు గడిచాయి. మైలో పేకాటలో గెలిచాడు. మరుసటి మంగళవారం మళ్ళీ గెలిచాడు. ఆ ఆదివారం పాదిరిగారి ప్రసంగం మొదటి నుంచి చివరిదాకా విని, బయట మెట్ల మీద ఆయన్ని పట్టుకుని, "ఫాదర్, ఈ తప్పిపోయిన గొర్రె సంగతి పోయిన వారం కూడా చెప్పారు కదా?" అని అడిగాడు. పదిహేనేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న అది. పాదిరిగారు ఎర్రబడ్డారు. మూడో వారంలో మైలో అక్కగారి వెనక వాకిలి మెట్లు బాగు చేసేశాడు. అవి లాడ్ బాగు చేస్తానని చెప్పి నాలుగేళ్ళయింది.

"మా తమ్ముడికి ఏమైంది?" అంది ఆర్డిత్, కొత్త మెట్టు మీద నిలబడి. "పొద్దున ఐదింటికి లేచి ఈల వేస్తున్నాడు."

"వయసు మీద పడితే కొందరు అలా అవుతారు," అన్నాడు లాడ్. అని, లారీ ఎక్కి, స్టీరింగు పట్టుకుని నోరు నొప్పెట్టేలా ఆవులించాడు. లోపల్లోపల కుళ్ళు కూడా పుట్టింది. తన యంత్రం, తన కార్డు, తన మెడ. బాగుపడుతున్నది మాత్రం బావమరిది.

నవంబరు పదో తేదీన లాడ్ గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో కాఫీ ఫ్లాస్కుతో రోవీనా దగ్గరికి వెళ్ళాడు. పాత కార్డుకు ఇంకా నాలుగు రోజులే గడువు. రోవీనా యంత్రం లెక్కలు తెరిచి, కనుబొమ్మలు పైకెత్తింది.

"ఎంత చక్కగా నిద్రపోతున్నారండీ! అరవై రాత్రుల్లో యాభై ఎనిమిది. సగటున ఏడు గంటల పైనే. నా పేషెంట్లలో ఇంత బుద్ధిమంతుడు లేడు."

"ఏదో, చెప్పింది వినే రకం నేను."

ఆమె కలం తీసింది. అప్పుడు ఫ్లాస్కు కంటబడింది. మా వైపు పశువుల రైతులు ఆవుకు వేసే ముద్రనే గేటు మీద, టోపీ మీద, దొరికిన ప్రతి వస్తువు మీదా వేసుకుంటారు. ఈ ఫ్లాస్కు మీద ఎర్ర రంగుతో గీతా, గీత కింద అర్ధచంద్రం ఉన్నాయి.

"అది మా నాన్న ముద్ర కదూ?"

లాడ్ అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. కానీ కార్డిచ్చే మనిషి తండ్రి గురించి నాలుగు మంచి మాటలు చెప్పే అవకాశాన్ని వదులుకునే మనిషి కాడు ఆయన.

"మీ నాన్నదే! దేవుడమ్మా మీ నాన్న. డిస్మల్ నది అవతల, చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. తెల్లారగట్ల నాలుగింటికి తొంభై రెండు దూడల్ని ఎక్కించాం. నేను ఆవులిస్తుంటే చూడలేక, తాగుతున్న ఫ్లాస్కు నా చేతిలో పెట్టేశాడు. ఇద్దామనే తెచ్చాను, మీకిచ్చెయ్యమంటారా?"

"ఏ రోజు?"

"అక్టోబరు తొమ్మిది. ఎందుకు గుర్తంటే, ఆ రోజు సంతలో..."

రోవీనా వేలు కాగితం మీద కిందికి జరుగుతూ వెళ్ళి ఒక గీత దగ్గర ఆగింది. లాడ్ నోరు కూడా ఆగింది.

"ఎనిమిది రాత్రి తొమ్మిదీ పదికి పడుకున్నారు," అని ఆమె నెమ్మదిగా చదివింది. "తొమ్మిది పొద్దున ఐదూ రెండుకి లేచారు. మధ్యలో ఒక్కసారి కూడా తొడుగు తియ్యలేదు."

గోడ గడియారం చప్పుడు బాగా వినపడింది. ఐదడుగుల గుసగుసను పట్టుకోగల చెవులాయె.

"లాడ్ గారూ, మీరు నిద్దర్లో తొంభై రెండు దూడల్ని ఎక్కించి ఉండాలి. అలాగైతే నేను కార్డివ్వకూడదు. లేదా మీ తొడుగులో వేరే ఎవరో పడుకుని ఉండాలి. అలాగైనా ఇవ్వకూడదు. ఇందులో మీకేది ఇష్టం?"

లాడ్ ఫ్లాస్కును కుర్చీ వెనక్కి జరిపాడు. చెవుల దాకా వేడెక్కింది. ఆమె కేకలేస్తే బాగుండేది, వెయ్యలేదు. కలం మూసి జేబులో పెట్టుకుంది.

"శుక్రవారంతో మీ కార్డు అయిపోతుంది. లారీ ఆపెయ్యండి. మీ ముక్కుతో, మీ మెడతో, ముప్ఫై రాత్రుల లెక్క తీసుకురండి. ఇంకోటి. ఆ పడుకున్న ఆయనెవరో నాకు తెలీదు. మొదటి వారం ఆయనకు గాలి పెట్టడానికి ఈ యంత్రం తల్లకిందులైంది. మీకన్నా ఆయన పరిస్థితి ఘోరం. ఆయన్ని నా దగ్గరికి పంపించండి."

లాడ్ లారీ తోలుకుంటూ ఇంటికి వస్తూ దారి పొడుగునా రోవీనాను తిట్టుకున్నాడు, ఆమె తండ్రిని తిట్టుకున్నాడు, ఫ్లాస్కును తిట్టుకున్నాడు. తొంభై మైళ్ళ అవతల ఇంకో జిల్లాలో కార్డులిచ్చేవాళ్ళు ఎవరో ఉన్నారని, ఏమీ అడగరని సంతలో విన్నాడు. ఆ లెక్కే తీసుకెళ్ళి అక్కడ చూపిస్తే సరి. యంత్రం పట్టుకుపోదామని నేరుగా మైలో ఇంటి తలుపు తట్టాడు.

"ఇవ్వను బావా," అన్నాడు మైలో.

"ఇవ్వనంటే ఏంట్రా? అది నాది!"

"నీదే. అయినా ఇవ్వను." మైలో తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. అరవై రాత్రుల నిద్రతో ఆ మనిషి కాస్త పొడుగయ్యాడేమో అనిపించింది. "ఒక్క మాట విని తర్వాత నన్ను తన్నినా సరే. బడిలో నా పని ఎందుకు పోయిందో తెలుసా?"

"తెలీకేం? బాయిలరు పక్కన పడి నిద్రపోయావు. నీళ్ళు అడుగంటి అది పేలిపోబోయింది."

"ఆ. మూడొందల మంది పిల్లలు పైన. పిలిచి అడిగారు, ఎందుకు నిద్రపోయావని. రాత్రి తొమ్మిదింటికే పడుకున్నానండీ అంటే నవ్వారు. తాగొచ్చానన్నారు. బద్ధకం అన్నారు. నువ్వూ అన్నావు. చివరికి నేనూ అనుకున్నాను బావా. పదకొండేళ్ళు. నేను పనికిమాలినవాణ్ణి, దేవుడు నన్ను ఇలాగే చేశాడు అనుకున్నా. ఈ గొట్టం పెట్టుకున్న నాలుగో పొద్దున లేచి కూచుంటే, తల లోపల... ఏమీ లేదు. బరువు లేదు. కూచుని ఏడ్చాను. జనం ఇలా ఉంటారా రోజూ అని."

లాడ్ మెట్టు మీద కూలబడ్డాడు. గ్రేవీ కథ గుర్తొచ్చింది. ఎన్నిసార్లు చెప్పాడు, ఎంత బాగా చెప్పేవాడు, ప్రతిసారీ అందరితో పాటు మైలో కూడా ఎలా నవ్వేవాడు. సిగ్గేసింది. అంత సిగ్గు ఆయనకు రోవీనా ఎదుట కూడా వెయ్యలేదు.

అప్పుడు లాడ్, ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నది చెప్పేశాడు. జూలైలో, మిట్టమధ్యాహ్నం, డన్నింగ్ ఊరు దాటాక. వెనక ఎనభై ఆవులు. రోడ్డు అంచు గీతల మీద చక్రాలు గరగరమన్నాక కళ్ళు తెరిచాడు. ఎంతసేపు మూసి ఉన్నాయో తెలియదు. ఆవులన్నీ ఒక పక్కకు తూలి లారీ ఊగుతోంది. ఎదురుగా వస్తున్న ఒక చిన్న నీలం కారు మట్టి దారిలోకి దిగిపోయి ఆగింది. అందులో ఎవరున్నారో చూడటానికి కూడా ఆగలేదు.

"ఆగలేదురా. భయమేసి పారిపోయాను," అన్నాడు.

మైలో లోపలికి వెళ్ళాడు. ప్లగ్గు పీకిన చప్పుడైంది. గొట్టం చుట్టచుట్టి, తొడుగు తుడిచి, పెట్టె తెచ్చి లాడ్ ఒళ్ళో పెట్టాడు.

"నా వెనక ఎవరూ లేరు బావా. నీ వెనక ఎనభై ఆవులు, నీ ముందు ఊరంతా. తీసుకో. నోరు మూసుకుని ముక్కుతోనే పీల్చు. గాలితో పోట్లాడకు, అది లోపలికొస్తుంటే రానియ్యి. మొదట్లో నేను కూనిరాగం తీసేవాణ్ణి."

మైలో మర్నాడే రోవీనా దగ్గరికి వెళ్ళాడు గానీ, ఆయన యంత్రం రావడానికి మూడు వారాలన్నారు. లాడ్ లారీ పెరట్లో ఆగింది. సంతలు జోరు మీదున్నాయి. వేరేవాళ్ళ లారీలు రోజుకు ఐదారు హారను కొట్టుకుంటూ ఆ ఇంటి ముందు నుంచే పోయాయి. లాడ్ కిటికీలోంచి వాటిలో దూడల్ని లెక్కపెట్టాడు. రాత్రుళ్ళు తొడుగు పెట్టుకుని కూనిరాగం తీశాడు. కొన్ని రాత్రులు గంటకే పీకేశాడు, కొన్ని రాత్రులు సోఫాలోకి పారిపోయాడు. పొద్దున కిటికీలోంచి చూస్తే మైలో తన మెట్టు మీద కూర్చుని, చేతిలో చల్లారిన కాఫీతో మళ్ళీ కునుకుతూ కనిపించేవాడు. అది చూశాక మధ్యాహ్నం సోఫాలో కూడా తొడుగు పెట్టుకుని అభ్యాసం చేసేవాడు లాడ్.

థాంక్స్‌గివింగ్ వచ్చింది. బల్ల చుట్టూ ఆర్డిత్ పినతల్లి పిల్లలు, వాళ్ళ పిల్లలు, మొత్తం పద్నాలుగు మంది. టర్కీ కోసి వడ్డించేలోపే మైలో తల వాలింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో గ్రేవీ గిన్నెను మెల్లగా మైలో ముందుకు జరిపారు.

"లాడ్ మామా, గ్రేవీ కథ! ఈ ఏడు ఇంకా చెప్పలేదు!"

లాడ్ చెయ్యి చాచి గిన్నె వెనక్కి లాక్కున్నాడు.

"వాడు నిద్రపోతున్నది నా వల్ల. వాడి నిద్ర నేను ఎత్తుకొచ్చాను," అన్నాడు. "ఈ ఏడు వేరే కథ."

అని, యంత్రం సంగతి, దూడల సంగతి, ఫ్లాస్కు సంగతి చెప్పాడు. అక్కడిదాకా అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత నీలం కారు సంగతి చెప్పాడు. నవ్వు ఆగిపోయింది. ఆర్డిత్ వడ్డించే గరిటె కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూటంతా ఆమె గిన్నెలు తోముతూనే ఉంది, తోమినవే మళ్ళీ తోమింది.

డిసెంబరు నడిమిలో లాడ్ మళ్ళీ రోవీనా ఎదుట కూర్చున్నాడు. ఈసారి చేతిలో ఫ్లాస్కు లేదు, అంతకు ముందే వెళ్ళి ఆమె తండ్రికి ఇచ్చి వచ్చాడు. ఆమె లెక్కలు తెరిచింది. మొదటి వరసలు చూస్తే లాడ్‌కే నామోషీగా ఉంది. గంట, అరగంట, సున్నా, నాలుగు గంటల మూడు నిమిషాలు, మళ్ళీ సున్నా.

"ఈ పంతొమ్మిదో తేదీ ఏమైంది?"

"సోఫాలో పడుకున్నాను. కోపం వచ్చింది."

"ఎవరి మీద?"

"మీ మీదే."

రోవీనా నవ్వు ఆపుకుంది. "ముప్ఫై రాత్రుల్లో ఇరవై రెండు నిలిచాయి. ఇరవై ఒకటి ఉంటే చాలు. పోయినసారి తెచ్చినదానికీ దీనికీ పోలికే లేదు. ఇది మాత్రం ముమ్మాటికీ మీ నిద్రే." మళ్ళీ కాగితం మీదికి వంగింది. వేలు ఒక గీత దగ్గర ఆగింది. లాడ్ మెడ చాచి చూశాడు. "మొదటి పద్నాలుగు రాత్రుల్లో నిలిచినవి పట్టుమని పది కూడా లేవు, ఆరే ఉన్నాయి. ఇరవై ఏడు నుంచి మాత్రం ఒక్క రాత్రి తప్పలేదు. ఆ రాత్రి ఏడు గంటల నలభై నిమిషాలు! థాంక్స్‌గివింగ్ కదా అది? ఏం చేశారు?"

లాడ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, దాని అంచు సరిచేశాడు.

"నేనేం చెయ్యలేదు డాక్టరమ్మా. ఆ రాత్రి ఆర్డిత్ దిండు చంకలో పెట్టుకుని కిందికొచ్చింది. ఈ తొడుగు తనే నా మొహానికి పెట్టి, పట్టీ బిగించి, పక్కన పడుకుంది. నా ఛాతీ మీద చెయ్యేసి. ఊపిరి ఆగితే తెలుస్తుందని."

రోవీనా కార్డు మీద ఒక ఏడాది అని రాసి, సంతకం పెట్టి ఆయన చేతికిచ్చింది.